పాత బండి, కొత్త రేకు

వస్తువు పాతబడిన కొద్దీ విలువ తగ్గుతుందన్నది బజారులో అందరికీ తెలిసిన విషయం. నిన్న షోరూము నుంచి తెచ్చిన మోటారు సైకిలును ఈ రోజు అమ్మబోయినా ధర పడిపోతుంది. అయితే పాతదనమే సరుకుగా అమ్ముడుపోయే వస్తువులు కూడా కొన్ని ఉన్నాయి. అమెరికాలో 'హాట్ రాడ్ రోడ్‌స్టర్' అని పిలిచే కారు వాటిలో ఒకటి. మద్రసాలో పాఠాలు చెప్పుకొనేవాడికి అమెరికా కార్లతో ఏం పని అని పాఠకులకు అనిపించవచ్చు. గత ఏడాది సెలవుల్లో కాలిఫోర్నియాలోని మా ఆపా ఇంట నెల రోజులు ఉన్నాను. ఆపా కొడుకు, అంటే నా మేనల్లుడు, ఆరేళ్లు శ్రమించి తయారు చేసుకున్న అటువంటి కారు ఒకటి ఆ ఇంటి గ్యారేజీలో ఉంది. దాని అమ్మకం సందర్భంగా తలెత్తిన ఒక మస్అలా గురించే ఈ నాలుగు మాటలు. 'హిదాయా'లోని క్రయవిక్రయాల అధ్యాయాన్ని ఏళ్ల తరబడి విద్యార్థులకు బోధిస్తున్నాను. అందులోని ఒంటెలు, ధాన్యపు రాశుల స్థానంలో ఒక ఇంజను, కొంత ఇనుపరేకు వచ్చి నిలవడం నాకు అదే మొదటిసారి.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. 1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో ఒక కారును విడుదల చేసింది. నాలుగేసి సిలిండర్లు రెండు వరుసలుగా, 'వి' అనే ఆంగ్లాక్షరం ఆకారంలో ఉండే ఇంజన్లు అంతకు ముందూ ఉన్నాయి గానీ అవి ఎక్కువగా ధనవంతుల కార్లలోనే కనిపించేవి. ఆ రెండు వరుసలనూ ఒకే దిమ్మగా పోతపోసి, సామాన్యుడు కొనగలిగే ధరకు తీసుకురావడం హెన్రీ ఫోర్డు సాధించిన పని. 221 ఘనపుటంగుళాల ఆ ఇంజను 65 హార్స్‌పవర్ శక్తినిచ్చేది. దాని వాల్వులు పై మూతలో కాక దిమ్మలోనే ఉంటాయి కనుక మూత చదునుగా ఉంటుంది. అందుకే దానికి 'ఫ్లాట్‌హెడ్' అన్న పేరు స్థిరపడింది. ఇక రోడ్‌స్టర్ అంటే పక్కన అద్దాలు లేకుండా, వెనక్కి మడిచే గుడ్డకప్పుతో ఉండే రెండు తలుపుల కారు.

దక్షిణ కాలిఫోర్నియా యువకులకు పాత ఫోర్డు కార్లు చవకగా దొరికేవి. బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు ఊడదీసేవారు. గాలికి అడ్డుపడే ముందు అద్దాన్ని కురచ చేసేవారు. ఒక కార్బురేటరు ఉండవలసిన చోట రెండు, మూడు బిగించేవారు. అలా సిద్ధం చేసిన బండ్లను మోజావె ఎడారిలో ఎండిపోయిన సరస్సుల గట్టి నేల మీదికి తీసుకుపోయి వేగాన్ని పరీక్షించుకొనేవారు. మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఆ సరస్సుల పేర్లు. 1937లో క్లబ్బులన్నీ కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి, సైన్యంలో యంత్రాల పని నేర్చుకున్న కుర్రాళ్లు ఇళ్లకు చేరాక ఈ అభిరుచి మరింత విస్తరించింది. 1948 జనవరిలో 'హాట్ రాడ్' అనే మాసపత్రిక వెలువడింది. మరుసటి సంవత్సరం యూటా రాష్ట్రంలోని బానవిల్ ఉప్పు మైదానంలో వేగ పరీక్షలు మొదలయ్యాయి. 1955లో షెవ్రొలే కంపెనీ తేలికైన కొత్త ఇంజనును తెచ్చిన తరువాత ఫ్లాట్‌హెడ్ వెనకబడిపోయింది.

ఆ కాలం గడిచిపోయినా ఆ కారు మీద మోజు పోలేదు. పైగా దానికి ఒక నియమావళి పుట్టుకొచ్చింది. సంప్రదాయ పద్ధతిలో రోడ్‌స్టర్ తయారు చేసేవారు ముందుగా ఒక సంవత్సరాన్ని ఎంచుకుంటారు. ఆ సంవత్సరంలో ఒక కుర్రవాడికి పాత సామాను దుకాణంలో ఏది దొరికి ఉండేదో అదే వాడాలి. తరువాతి కాలపు వస్తువు ఒక్క మర కూడా కనబడకూడదు. నా మేనల్లుడు ఎంచుకున్నది 1948. చట్రం, కౌలు (అంటే ముందు అద్దం కింద ఉండే భాగం), తలుపులు 1932 నాటివి. ఇంజను 1940ల ఫ్లాట్‌హెడ్. దాని మీద మూడు స్ట్రాంబర్గ్ 97 కార్బురేటర్లు. గేరుబాక్సు 1939 నాటిది. బ్రేకులు కూడా ఆ ఏడాదివే. ఫోర్డు కార్లకు ద్రవపు ఒత్తిడితో పనిచేసే బ్రేకులు వచ్చింది 1939లోనే. అంతకు ముందు ఉన్నవి మెకానికల్ బ్రేకులు. కనుక 1948 నాటి కుర్రవాడు పాత బ్రేకులు తీసేసి వీటినే బిగించుకొని ఉండేవాడని మా వాడి వాదన. వెనుక దీపాలు కన్నీటి చుక్క ఆకారంలో ఉన్నాయి. అవీ 1939వే. డ్యాష్‌బోర్డు మీద గడియారాల్లాంటి స్టువర్ట్ వార్నర్ మీటర్లు. ఎయిర్ కండిషనరు లేదు, రేడియో లేదు, గుడ్డకప్పు సరిగా మూసుకోదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అయిన వాడు అందులో కూర్చుని ఎంత ఆనందపడేవాడో, పక్కన కూర్చున్న నేను నడుముకు అంత నొప్పి తెచ్చుకున్నాను.

నాకు ఆ కారు కంటే దాని పుస్తకం నచ్చింది. నల్ల అట్ట వేసిన ఒక నోటుపుస్తకంలో ప్రతి భాగం ఎక్కడి నుంచి వచ్చిందో రాసుకున్నాడు. ఫలానా ఊరి సంతలో ఫలానా వృద్ధుని దగ్గర కొన్న కార్బురేటరు. అది ఆయనకు తన అన్న నుంచి వచ్చింది. ఆ అన్న దానిని ఏ కారు మీద వాడాడు. చట్రానికి ఎడమవైపు పట్టీ మీద కర్మాగారంలో చెక్కిన సంఖ్యను కాగితం మీద పెన్సిలుతో అచ్చు తీసి అతికించుకున్నాడు. "ఇది మీ ఇస్నాద్ లాంటిదే మామూ" అన్నాడు నవ్వుతూ. హదీసు విద్యలో వాక్యం ఎంత ముఖ్యమో, అది ఎవరి నుంచి ఎవరికి చేరిందన్న పరంపర అంత ముఖ్యం. పోలిక కొంచెం పెద్దదే అయినా, పిల్లవాడి నోట ఇస్నాద్ అన్న మాట వినడం సంతోషం కలిగించింది. అదే మాట పది రోజుల తరువాత వాడికి వ్యతిరేకంగా ఉపయోగపడుతుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

ఇదంతా దుబారా కాదా అని మా ఆపా నాతో చాలాసార్లు అంది. ఇస్రాఫ్ గురించి దివ్యఖుర్ఆన్ చేసిన హెచ్చరిక చిన్నది కాదు. కానీ జకాత్ లెక్కకట్టి ఇస్తూ, తల్లినీ భార్యాపిల్లలనూ లోటు లేకుండా చూసుకుంటూ, రాత్రిళ్లు ఫోను తెరకు అతుక్కుపోయే బదులు చేతులకు మసి పూసుకుని ఒక పని నేర్చుకున్న మనిషిని నేను తొందరపడి దుబారా మనిషి అనలేను. ఆ గ్యారేజీలో మేనల్లుడి పదేళ్ల కూతురు స్పానర్ల కొలతలు చెప్పగలిగేది. అక్కడి రేసుల్లో జరిగే పందేల గురించి అడిగాను. వాటి జోలికి ఎన్నడూ పోలేదన్నాడు. అంతటితో నేను ఆ చర్చ ముగించాను.

అమ్మవలసిన అవసరం ఇల్లు కారణంగా వచ్చింది. వారు ఉంటున్నది అద్దె ఇల్లు. వడ్డీ రుణంతో ఇల్లు కొనకూడదని భార్యాభర్తలు పెళ్లయిన కొత్తలోనే నిర్ణయించుకున్నారు. వడ్డీ లేని ఏర్పాటులో ఇల్లు తీసుకోవాలంటే ముందుగా చేతిలో పెద్ద మొత్తం ఉండాలి. ఎన్నో ఏళ్లుగా కూడబెట్టినది కొంత తక్కువ పడింది. ఆ తక్కువ పడిన మొత్తం గ్యారేజీలో నిలబడి ఉంది. కారు అమ్ముదామని వాడే అన్నాడట. కోడలు వద్దని అనలేదు, సరేనని కూడా అనలేదట. నేను వెళ్లేసరికి అమ్మకం ప్రకటన అప్పటికే ఇచ్చేశారు.

కొనడానికి వచ్చినాయన డెబ్భై దాటిన వ్యక్తి. చేతికర్ర మోపుతూ వచ్చాడు. బానెట్ తీయించి చూశాడు. ఇంజను పోనిమ్మని కళ్లు మూసుకుని విన్నాడు. తన చిన్నతనంలో అన్నగారికి ఇటువంటి బండి ఉండేదని చెప్పాడు. తరువాత చుట్టూ తిరుగుతూ వెనుక భాగం దగ్గర ఆగాడు. అక్కడ నల్లరంగు పలుచబడి, అంచుల దగ్గర అడుగుపూత బయటపడి, చిన్న చిన్న తుప్పు మరకలు కనిపిస్తున్నాయి. ఆయన అరచేతితో ఆ చోటును నిమిరాడు. ఇంత పాతదనం మనిషి చేత్తో తేలేడని, కాలమే తేవాలని ఏదో అన్నాడు. నాకు ఆంగ్లం అంతంత మాత్రమే; అయినా ఆ మాట అర్థమైంది. మా వాడు తల దించుకుని చేతిగుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. మాట్లాడలేదు. అరవై ఎనిమిది వేల డాలర్లకు ఒప్పుకుని, వారం రోజుల్లో వస్తానని ఆ వృద్ధుడు వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత వాడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"మామూ, ఆయన చేయి పెట్టిన రేకు కొత్తది" అన్నాడు.

విషయం ఇదీ. వాడు కొన్నప్పుడు బండి వెనుక భాగం తుప్పు తిని జల్లెడలా ఉండేది. ఈ కారు బాడీలను ఈనాటికీ ఉక్కు రేకుతో కొత్తగా తయారు చేసే సంస్థలు అమెరికాలో ఉన్నాయి. అక్కడి నుంచి వెనుక భాగాలు తెప్పించి వెల్డింగు చేయించాడు. ముందు భాగం పాత రంగుతోనూ, వెనుక భాగం కొత్త రంగుతోనూ ఉండి బండి అతుకుల బొంతలా కనిపించింది. అందుకని కొత్త రంగును గరుకు కాగితంతో రుద్ది, ఉప్పునీళ్లు చల్లి తుప్పు రప్పించి, ముందు భాగంతో కలిసిపోయేలా చేశాడు. నాలుగు నెలలు పట్టిందట. ఆ పని చేసినప్పుడు అమ్మకం ఆలోచనే లేదు. ఇంజనులో కూడా ఒక సంగతి ఉంది. ఫ్లాట్‌హెడ్‌లో కాలిన పొగ బయటకు పోయే దారులు దిమ్మ లోపలి నుంచే, నీళ్లు తిరిగే గదుల గుండా పోతాయి. అందువల్ల ఆ ఇంజను త్వరగా వేడెక్కుతుంది. వాల్వు కూర్చునే చోటికీ సిలిండరుకూ మధ్య పగుళ్లు రావడం దానికి మామూలు. వీడి ఇంజనుకు కూడా ఒక పగులు ఉంది. ఇనుప మరలను వరుసగా బిగించి, గుడ్డను కుట్టినట్టు ఆ పగులును కుట్టించాడు. నాలుగేళ్లుగా చుక్క నీరు కారలేదు.

"ఆయన అడగలేదు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు" అన్నాడు. కొంతసేపు ఆగి, "ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాను, తరువాత నాకు సంబంధం లేదు అని ఇక్కడ కాగితం రాసుకుంటారు. అది రాయించుకుంటే సరిపోదా?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే. మన హనఫీ ఫిఖ్ హ్‌లో దీనికి నేరుగా సంబంధించిన మాట ఉంది. సరుకులోని లోపాలన్నిటి నుంచీ నాకు బాధ్యత లేదని షరతు పెట్టి అమ్మితే, ఆ లోపాలను ఒక్కొక్కటిగా పేర్కొనకపోయినా ఆ షరతు చెల్లుతుంది. తరువాత లోపం బయటపడితే కొన్నవాడు తిరిగి ఇవ్వలేడు. నేను ఆ మాట వాడికి దాచకుండా చెప్పాను. మరుక్షణం వాడి ముఖంలో కనిపించిన తేలికదనం నాకు నచ్చలేదు. ఖాజీ తీర్పుకు ఒక హద్దు ఉంది, అల్లాహ్ ముందు మనిషి బాధ్యతకు మరొక హద్దు ఉంది. మొదటి దానిని ఖజా అంటారు, రెండవ దానిని దియానత్ అంటారు. ఆ షరతు కొన్నవాడి దావాను ఆపగలదు. తెలిసీ దాచిన లోపాన్ని దాచలేదనిపించే శక్తి దానికి లేదు. తాను ఎరగని లోపాల విషయంలో అమ్మేవాడికి రక్షణగా ఉన్న తలుపు అది. ఎరిగిన లోపాన్ని ఆ తలుపు చాటున పెట్టడం వేరే పని.

వాసిలా బిన్ అస్ఖఅ్ (రజి) సంఘటన వాడికి చెప్పాను. ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఒకాయన ఒక ఒంటెను కొని తోలుకుపోతున్నాడు. వాసిలా (రజి) వెనుక నుంచి ఆదరాబాదరాగా వచ్చి ఆపారు. ప్రయాణానికి కొన్నావా, మాంసానికా అని అడిగారు. ప్రయాణానికే అన్నాడు ఆయన. ఒంటె పాదం అరిగి చిల్లు పడిందని వాసిలా (రజి) తెలియజేశారు. అమ్మినవాడు, కుదిరిన బేరం చెడగొడుతున్నారేమిటని నొచ్చుకున్నాడు. సరుకులోని లోపాన్ని చెప్పకుండా అమ్మడం అమ్మేవాడికి ధర్మం కాదనీ, ఆ లోపం తెలిసిన మరో మనిషికి కూడా చెప్పకుండా ఉండటం ధర్మం కాదనీ దైవప్రవక్త (స) బోధించిన విషయాన్ని ఆయన గుర్తు చేశారు. "చూశావా బేటా, ఈ సాయంత్రం నుంచి ఆ రెండో మనిషిని నేనే అయ్యాను" అన్నాను. వాడు నవ్వలేదు.

పగిలిన ఇంజనుకు ఈ ఒంటె సరిపోయింది. రుద్దిన రేకు సంగతి వేరు. దానికి పొదుగు కట్టిన పశువుల హదీసు దగ్గరగా ఉంటుంది. అమ్మకానికి ముందు రెండు మూడు రోజులు పాలు పితకకుండా వదిలేస్తే పొదుగు నిండుగా కనిపిస్తుంది. కొనేవాడు పాడి ఎక్కువనుకుంటాడు. దైవప్రవక్త (స) దానిని నిషేధించారు. తరువాత పశువును తిరిగి ఇవ్వవచ్చా, ఎలా ఇవ్వాలి అన్న విషయంలో మన ఇమాములకూ షాఫయీ ఇమాములకూ మధ్య పెద్ద చర్చ ఉంది. ఆ పని మోసమన్న విషయంలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఇక్కడ కూడా నోటితో అబద్ధం ఆడినవాడు ఎవరూ లేరు. పొదుగే ఆడింది. రేకు విషయంలో మా వాడి పరిస్థితి ఆ పశువు యజమాని కంటే మెరుగు; వాడు రుద్దింది కంటికి ఇంపుగా ఉండాలని, మోసం కోసం కాదు. అది తప్పని నేను అనలేదు. ఆ వృద్ధుడు అరచేయి పెట్టి, ఇది కాలం చేసిన పని అని మురిసిపోయిన క్షణం వరకు అది ఒక చేతిపనే. ఆ క్షణంలో మౌనంగా ఉండటంతో అది మరొకటి అయింది.

అప్పుడు వాడి ఇస్నాద్ మాటను వాడికే తిప్పి చెప్పాను. సరుకు లోపాన్ని దాచి అమ్మడాన్ని అరబ్బీలో తద్‌లీస్ అంటారు. హదీసు పండితులు ఇదే మాటను పరంపర విషయంలో కూడా వాడారు. ఒక ఉల్లేఖకుడు తన గురువు నుంచి స్వయంగా వినని హదీసును, మధ్యలో ఉన్న మనిషి పేరు తప్పించి, 'ఫలానా వారి నుంచి' అని చెబుతాడు. 'నేను విన్నాను' అని మాత్రం అనడు. మాట అబద్ధం కాదు. వినేవాడు మాత్రం నేరుగా విన్నాడనే అనుకుంటాడు. అటువంటి అలవాటు ఉన్నట్టు తేలిన ఉల్లేఖకుడు, తాను స్వయంగా విన్నానని స్పష్టంగా చెప్పేదాకా అతని 'ఫలానా వారి నుంచి' అన్న మాటను పండితులు అంగీకరించలేదు. అన్ని భాగాల పుట్టుకా రాసుకున్న నీ పుస్తకంలో ఈ రేకు ఎక్కడిదని రాశావు అని అడిగాను. వాడు లేచి వెళ్లి పుస్తకం తెచ్చాడు. ఆ పేజీలో రేకు ఏ రోజు వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని సార్లు రుద్దాడు, అంతా ఉంది. తనకు తాను అబద్ధం రాసుకోలేదు. ఆ పుస్తకాన్ని ఆ వృద్ధుడికి చూపించలేదు, అంతే.

ఇందులో నాకు మరో విషయం తోచింది. మామూలు పాత కారులో కొత్త రేకు వేస్తే దానిని మరమ్మతు అంటాము. కొనేవాడు సంతోషిస్తాడు కూడా. మన ఊళ్లలో పాత కారు అమ్మేవాడు కిలోమీటర్ల అంకెను వెనక్కి తిప్పుతాడు, వీలైతే కొత్తగా కనిపించాలని. ఇక్కడ మోసం ఎదురు దిక్కులో నడుస్తుంది. కొత్తది పాతగా కనిపిస్తే ధర పెరుగుతుంది. గతమే సరుకైన చోట, గతాన్ని గురించి మౌనంగా ఉండటం తూకంలో రాయి పెట్టడం వంటిదే. 1997లో పెబుల్ బీచ్ అనే ప్రఖ్యాత కార్ల ప్రదర్శన మొదటిసారిగా హాట్ రాడ్‌లకు ఒక విభాగం కేటాయించింది. 1940లలో డోన్ స్పెన్సర్ తీర్చిదిద్దిన 1932 రోడ్‌స్టర్ అందులో గెలిచింది. ఆ బండి తుప్పుతో కాదు, పూర్తిగా పునరుద్ధరించిన రూపంలో వచ్చింది. అది పునరుద్ధరించినదని అందరికీ తెలుసు. బాగు చేయడం వల్ల పరువు పోదని మా వాడే నాకు ఈ సంగతి చెప్పాడు. చెప్పి, తనే కాసేపు ఊరుకున్నాడు.

కోడలు అంతసేపూ వంటగదిలో ఉంది. గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. ఆమె బయటకు వచ్చి, "పొద్దున్నే ఆయనకు ఫోను చేయండి" అని మాత్రం అంది. ఇల్లు ఎవరికంటే ఎక్కువ కావాలో ఆమెకే. పైకప్పు కారే ఆ అద్దె ఇంట్లో ఇద్దరు పిల్లలతో, అత్తగారితో సర్దుకుంటున్నది ఆమే. నేను చెప్పిన మసాయిల్ అన్నిటి కంటే ఆ ఒక్క వాక్యం వాడి మీద ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

పొద్దున వాడు ఫోను చేశాడు. ఇంజను పగులు గురించి చెబితే ఆ వృద్ధుడు నవ్వాడట; పగలని ఫ్లాట్‌హెడ్ ఉంటే చూపించమన్నాడట. రేకు సంగతి చెప్పాక చాలాసేపు మాట్లాడలేదట. రెండు రోజుల తరువాత, తనకు ఈ బండి వద్దని కబురు చేశాడు. కోపంగా ఏమీ అనలేదు. చెప్పినందుకు కృతజ్ఞతలు అన్నాడు, అంతే. సత్యం చెబితే బేరం అక్కడికక్కడే కుదురుతుందని పిల్లల కథల్లో రాస్తాము. ఇక్కడ కుదరలేదు. క్రయవిక్రయాలు చేసే ఇద్దరూ నిజం చెప్పి, లోపాలను స్పష్టం చేసుకుంటే వారి బేరంలో బర్కత్ ఉంటుందని హదీసులో ఉంది. ధర ఎక్కువ వస్తుందని లేదు.

నేను తిరిగి వచ్చిన రెండు నెలలకు అరిజోనా నుంచి వచ్చిన ఒక మనిషి ఆ కారును యాభై ఏడు వేలకు కొన్నాడు. ఆయనకు దానిని ప్రదర్శనలో పెట్టాలన్న కోరిక లేదు, నడుపుకోవడానికే కావాలట. నల్ల అట్ట పుస్తకం కూడా కారుతో పాటు ఆయనకు ఇచ్చేశామని మేనల్లుడు ఫోనులో చెప్పాడు. ఇల్లు ఇంకా కొనలేదు. పదకొండు వేల డాలర్లు తక్కువ పడ్డాయి కనుక మరో ఏడాదిన్నర పడుతుందని కోడలు లెక్క కట్టింది. పైకప్పు మాత్రం ఈ వానాకాలం ముందే ఇంటి యజమాని చేత బాగు చేయించుకున్నారు.